మెడల్ సంగతి తర్వాత, ముందు పూల్‌లోకి దిగనివ్వండి

ఎండాకాలం వస్తే హైదరాబాద్‌లో స్విమ్మింగ్ బ్యాచ్‌లకి ఎంత గిరాకీ ఉంటదో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. అదే పిల్లాడికి ఒక చెయ్యి లేదనో చూపు లేదనో చెప్పి చూడండి, చాలా చోట్ల వచ్చే జవాబు ఒకటే, "మా దగ్గర అట్లాంటి కోచ్ లేడండి, రిస్క్ తీసుకోలేం".

ఆ భయం ఉత్తిదని మేం అనం. కోచ్‌కి ఎవరూ నేర్పలేదు కాబట్టి భయపడతాడు, నేర్పితే అందులో బ్రహ్మవిద్యేం లేదు. చూపు లేని స్విమ్మర్ గోడ దగ్గరికి వస్తుంటే గట్టు మీద నుంచి మెత్తటి మొన ఉన్న కర్రతో ఒంటి మీద తట్టాలి, పారాలింపిక్స్‌లో కూడా జరిగేది ఇదే, ఆ తట్టేవాళ్ళని ట్యాపర్ అంటారు, ప్రాక్టీస్ చేయిస్తే ఇంట్లో అన్నయ్య కూడా ఆ పని చెయ్యొచ్చు. ఒక చెయ్యే ఉన్న పిల్లాడు తిన్నగా పోకుండా పక్కకి లాగేస్తుంటే కిక్‌తో, నడుముతో బ్యాలెన్స్ చేసుకోవడం నేర్పాలి. వెన్నెముక దెబ్బతిని కాళ్ళలో స్పర్శ లేనివాళ్ళకైతే గట్టు గీసుకుని రక్తం వచ్చినా తెలీదు, అందుకే దిగే చోట మ్యాట్ వెయ్యాలి, బయటికొచ్చాక ఒళ్ళంతా చూసుకోమని చెప్పాలి. మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లలకి రోజూ అదే వరసలో, ఒక్కో స్టెప్ చేసి చూపించాలి. ఈ పిల్లల కోసమే పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ మన సికింద్రాబాద్‌లోనే ఉంది కదా, కోచ్‌లని కొన్నాళ్ళు అక్కడికి పంపితే పోయేదేముంది?

పారాలింపిక్స్‌లో ఇండియాకి మొదటి గోల్డ్ వచ్చింది నీళ్ళలోనే. 1965 యుద్ధంలో బుల్లెట్లు తగిలిన మురళీకాంత్ పేట్కర్ 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచారు. మన వరంగల్ అమ్మాయి దీప్తి జీవాంజి హైదరాబాద్ ట్రాక్ మీద ట్రైనింగ్ తీసుకుని 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది, అంటే కోచ్ దొరికితే ఏమవుతుందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు.

ఆటల్లో వికలాంగులకి చోటు కల్పించాలని, ఆ వసతుల్ని వాళ్ళకి అనువుగా మార్చాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 30 చెప్తోంది. మనోళ్ళు ర్యాంప్ కట్టి ఫొటో దిగుతారు, ఆ ర్యాంప్ గేటు దాకే, డ్రెస్సింగ్ రూమ్‌కి మళ్ళీ మెట్లే!

వచ్చే సమ్మర్ క్యాంప్ రిజిస్ట్రేషన్ తెరిచేలోపు సర్కారీ పూల్ ఒక్కోదానికి ట్రైనింగ్ అయిన కోచ్ ఒక్కరైనా ఉండాలి, ఆ పేరు నోటీసు బోర్డు మీద పెట్టాలి. వేరే బ్యాచ్ అక్కర్లేదు, అందరితో పాటే పక్క లేన్ ఇస్తే చాలు.