ఇంటి బీపీ లెక్క చెల్లదా?

ఇంట్లో చూసుకున్న బీపీ ఇక్కడ చెల్లదట! నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి గోళీల కోసం దవాఖానకు పోయేవాళ్లు ఎన్నాళ్లుగానో వింటున్న మాట ఇది. మరి చెల్లేదేది? తండా నుంచి కిక్కిరిసిన ఆటోలో వచ్చి, ఓపీ లైన్లో నిలబడి నిలబడి, స్టూలు మీద కూర్చున్న నిమిషంలోనే పట్టీ చుట్టి తీసిన ఒక్క రీడింగ్. డోసు పెరిగేదీ తగ్గేదీ దాన్నిబట్టే.

ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి, వీపుకు ఆసరా ఉండాలి, అరగంట ముందు నుంచి చాయ్, బీడీ ముట్టొద్దు. వైద్యశాస్త్రం పెట్టిన నియమాలివి. రద్దీ ఓపీలో వీటిలో ఏ ఒక్కటి సాగుతోంది? ఇంట్లో అన్నీ సాగుతాయి. వారంపాటు పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు చూసి, మొదటి రోజు అంకెలు వదిలేసి సగటు తీయాలి. అది 135/85కు చేరితే బీపీ ఉన్నట్టే. దవాఖానలో ఆ హద్దు 140/90. తెల్లకోటు చూడగానే టెన్షన్‌తో బీపీ పెరిగేవాళ్లున్నారు. వాళ్లకు డోసు పెంచితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. దవాఖానలో మామూలుగా ఉండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి ఒక్కోసారి పక్షవాతం వచ్చాక గానీ తెలియదు. ఒక్క రీడింగ్ ఈ ఇద్దరి విషయంలోనూ మోసం చేస్తుంది.

ఇంటి మిషన్లు తప్పు చూపుతాయని, జనం సొంతంగా గోళీలు మార్చేస్తారని కొందరు డాక్టర్ల భయం. మణికట్టుది కాకుండా జబ్బకు చుట్టే మిషన్ కొనమని చెప్పి, దాన్ని ఒకసారి దవాఖాన మిషన్‌తో సరిచూస్తే మొదటి భయం తీరుతుంది. రెండోదానికి రోగితో రెండు నిమిషాలు మాట్లాడాలి.

షుగర్ రోగి ఇంట్లో చూసుకున్న అంకెను అడిగి మరీ రాసుకుంటారు. అదే మనిషి చూసుకున్న బీపీని మాత్రం నమ్మరు! 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అంత ముందు నడిచిన రాష్ట్రంలో ఇంకా ఒక్క రీడింగ్ వైద్యమేనా? ముంబయి, పుణెకు వలస పోయిన పాలమూరు కూలీ నెలనెలా వచ్చి ఇక్కడి లైన్లో నిలబడగలడా?

కూలి డబ్బుతో మిషన్ కొనలేనివాళ్లకు సబ్‌సెంటర్ నుంచే వారంపాటు వాడుకుని తిరిగిచ్చేలా మిషన్ ఇవ్వాలి. ఎలా చూసుకోవాలో ఆశ కార్యకర్త నేర్పాలి. రోగి తెచ్చిన అంకెలు కేసు కాగితంలోకి ఎక్కాలి. జిల్లా వైద్యాధికారులు దీన్ని వచ్చే నెల గోళీల రోజుకే మొదలుపెట్టాలి. కుదరదంటారా? గుంపులో తీసే ఆ ఒక్క రీడింగ్‌ను ఏ ధైర్యంతో నమ్ముతున్నారో రోగుల ముందు నిలబడి చెప్పండి.