మీరు తగ్గారట కదా!

విశాఖపట్నం క్రైమ్ రేటు గారికి,

నమస్కారమండీ. మీరు తగ్గారని పేపర్లో చదివాం, సంతోషం. ఏటా డిసెంబరు ఆఖర్లో మీ గురించి ప్రెస్‌మీట్ పెడతారు, బల్ల మీద రికవరీ చేసిన నగలూ ఫోన్లూ పరుస్తారు, అంకెలు చదువుతారు. మీరు తగ్గితే పోలీసుల ఘనత. పెరిగితే జనంలో అవగాహన పెరిగి ఫిర్యాదులు పెరిగాయంటారు. ఎటు పోయినా మాట పడని ఇంత సుఖమైన ఉద్యోగం పోర్టులో కూడా లేదు.

మీరు ఎలా తగ్గుతారో ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆదివారం సాయంత్రం ఆర్‌కే బీచ్, కాలు పెట్టే చోటుండదు, మురీ మిక్చర్ బండి దగ్గర నిలబడ్డ మనిషి వెనక జేబులోంచి ఎవడో ఫోన్ లాగేశాడనుకోండి. ముందు ఆ చోటు ఏ స్టేషన్ కిందికి వస్తుందో తేలాలి (ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలని చట్టంలో ఉంది, చట్టం బీరువాలో ఉంది). తేలాక స్టేషన్లో ఫిర్యాదులు రాసే రైటర్ గారు తలెత్తకుండానే అడుగుతారు: "కొట్టేసినోడ్ని మీరు సూసినారా? నేదు కదా. మరైతే కొట్టేసినాడని ఎలా రాత్తారండీ బాబూ, పోనాదని రాయండి."

ఆ మనిషికి కావాల్సింది డూప్లికేట్ సిమ్, ఆ ఫోన్ ఇంకెవడూ వాడకుండా సీఈఐఆర్ పోర్టల్లో బ్లాక్ చేయించడం, అంతే. దానికి పోలీసు కాగితం ఒకటి ఉంటే చాలు, అందులో దొంగ ఉన్నాడా లేడా అని ఎవరూ చూడరు, ఇన్సూరెన్స్ వాడు తప్ప. కాబట్టి సంతకం పెట్టి బయటపడతాడు. రైటర్ గారికి రాత పని తప్పింది, ఎస్‌ఐ గారికి పెండింగ్ కేసు తప్పింది, దొంగకి అసలు నేరమే జరగలేదన్న సర్టిఫికెట్ ప్రభుత్వం వారే ఇచ్చారు. మీరు ఒకటి తగ్గారు. అందరూ హ్యాపీ.

2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు జడ్జీలు ఐదుగురు కూర్చుని, ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం (కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలిగేది) కనబడితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందే అన్నప్పుడు మీకు కాస్త టెన్షన్ పట్టుకుని ఉంటుంది. 2024 జులై 1న వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలు ఆ టెన్షన్ కొంత దించాయి. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు, 5,000 రూపాయల లోపు దొంగతనమైతే నాన్‌కాగ్నిజబుల్, మేజిస్ట్రేటు చెప్పందే దర్యాప్తు మొదలవదు. అంటే ఫిషింగ్ హార్బర్‌లో బుట్టలు మోసే మనిషి దగ్గర నాలుగు వేల ఫోన్ ఎవడైనా కొట్టేస్తే మీ పద్దులోకి రాదు, ఐఫోన్ కొట్టేస్తే వస్తుంది. మీరూ స్టేటస్ చూస్తారన్నమాట!

ఇంకో విచిత్రం. గంజాయి కేసులో ఫిర్యాదుదారు ఉండడు. "నా గంజాయి పోయింది సార్" అని ఎవడూ స్టేషన్‌కి రాడు కదా. ఏజెన్సీ నుంచి దిగే సరుకుని పోలీసులు రైల్వే స్టేషన్లో, హైవే మీద ఆపి పట్టుకుంటేనే కేసు. వాళ్లు ఒళ్లు వంచి పనిచేసిన ఏడాది మీరు పెరుగుతారు, కునుకు తీసిన ఏడాది తగ్గుతారు, తగ్గినందుకు శాలువాలు కూడా కప్పుకుంటారు.

మీ లెక్కల సంగతీ అంతే. లక్ష జనాభాకు ఎన్ని కేసులన్నదే మీరు. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో దోపిడీ, హత్య రెండూ ఉన్నా దేశం మొత్తం నేరాల లెక్కలు వేసే ఎన్‌సీఆర్‌బీ పెద్ద నేరాన్ని ఒక్కదాన్నే లెక్కేస్తుంది. జనాభా ఏమో 2011 నాటి జనగణన నుంచి లాగిన అంచనా. అరకు దారిలో రెండు రోజులు ఇక్కడ ఆగిన టూరిస్టు పర్సు పోతే కేసుల్లో ఉంటాడు, జనాభాలో ఉండడు. ఇంతా చేసి 20 లక్షలు దాటిన 19 మహానగరాల పట్టికలో మీరు లేనే లేరు. 2011లో మన జనాభా 17 లక్షల చిల్లర. కొచ్చి, కోజికోడ్ ఉన్నాయి. మనం పరీక్ష రాయకుండానే పాసైపోయాం.

పోనీ మీ సంగతి వదిలేసి మనుషుల సంగతి చూద్దామా? మా ఓనరు గారు అద్దెకొచ్చిన కుర్రాడి మీద కేసులేమైనా ఉన్నాయేమో చూడమన్నారు. అలా అడిగి తెలుసుకునే రిజిస్టరు మామూలు జనానికి లేదు. స్టేషన్ల రికార్డులన్నీ కలిపే కంప్యూటర్ నెట్‌వర్క్ సీసీటీఎన్‌ఎస్ పోలీసులది, కౌన్సెలింగ్‌కి పిలిచే రౌడీషీటర్ల జాబితా కూడా వాళ్లదే. ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టమని, లైంగిక నేరాల్లాంటివి మాత్రం పెట్టొద్దని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఏ స్టేషన్లో ఎప్పుడు కట్టారో తెలియకుండా ఎక్కడని వెతుకుతాం? కోర్టు కేసులు చూపించే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో పేరు కొట్టి వెతకొచ్చు. కుర్రాడి పేరు అప్పలరాజు! సింహాద్రి అప్పన్న దయవల్ల ఈ జిల్లాలో వీధికి ఇద్దరు అప్పలరాజులుంటారు. చెక్ బౌన్స్ అప్పలరాజు, గట్టు తగాదా అప్పలరాజు, కేసు కొట్టేసినా పేరు మిగిలిపోయిన అప్పలరాజు. మనవాడు వీళ్లలో ఎవరో, అసలు ఉన్నాడో లేడో ఆ అప్పన్నకే తెలియాలి.

ఇది మాత్రం వెటకారం కాదు. ఎఫ్‌ఐఆర్‌లో పేరున్నంత మాత్రాన నేరం చేసినట్టు కాదు, కాబట్టి అందరి చిట్టా అందరికీ దొరక్కపోవడమే మంచిది. మనుషుల రికార్డు దాచుకోండి. మీ రికార్డు ఎందుకండీ దాస్తారు? పోయాయని రాయించిన ఫోన్లెన్ని, బళ్లెన్ని, స్టేషన్ వారీగా మీ అంకె పక్కనే వేయించండి చాలు.

నిజానికి ఎవరైనా తీసి చూడగలిగే నేరచరిత్ర ఒక్కటుంది, ఎన్నికల్లో నిలబడేవాళ్లది. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని అఫిడవిట్‌లో సెక్షన్లతో సహా రాయాలి, 2018 తీర్పు తర్వాత పేపర్లో ప్రకటన కూడా ఇవ్వాలి. మా ఓనరు గారు అప్పలరాజు దగ్గర ఆధార్ జిరాక్స్, ఆఫీసు ఐడీ, వాళ్ల నాన్న ఫోన్ నంబరు తీసుకున్నారు. ఓటడగడానికి వచ్చినాయన్ని మాత్రం కాఫీలో పంచదార ఎంత వెయ్యాలని అడిగారు.