అక్షాంశానికి సైన్, కోసైన్ వేసేస్తే సరిపోతుందా?

ఆకాశ పరిశీలన గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "గ్రహశకలాలు లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటాయి కాబట్టి అబ్జర్వేటరీ ఎక్కడున్నా ఒకటే. తప్పదంటే ఫోన్‌లో అక్షాంశం చూసి సైన్, కోసైన్ వేసుకోండి. ఎత్తు వదిలేయొచ్చు."

మొదటి మాట నక్షత్రాలకైతే చెల్లుతుంది. గ్రహశకలాలకు చెల్లదు. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో పోయే రాయిని భూకేంద్రం నుంచి చూసినట్టు లెక్కేయడానికీ, భూమి అంచు నుంచి చూడడానికీ సుమారు 880 ఆర్క్‌సెకండ్ల (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) తేడా రావచ్చు. అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో దాదాపు సగం!

అసలు తప్పు రెండో సలహాలో ఉంది. ఫోన్ అబద్ధం చెప్పదు. కానీ భూమి ధ్రువాల దగ్గర 21 కిలోమీటర్లు నొక్కుకుపోయి ఉంది. అందువల్ల మన కాళ్ల కింద నిట్టనిలువుగా దించిన గీత సరిగ్గా భూకేంద్రానికి చేరదు. ఫోన్ చూపే అక్షాంశం ఆ గీతది. చూసే చోటును బట్టి రాయి స్థానం మారినట్టు కనిపించడమే పారలాక్స్; దానికి కావలసింది కేంద్రం నుంచి లెక్క. అందుకే గ్రహశకలాల పరిశీలనలను సేకరించే మైనర్ ప్లానెట్ సెంటర్ వారి అబ్జర్వేటరీల జాబితాలో అక్షాంశమే ఉండదు. రేఖాంశం పక్కన రెండు అంకెలుంటాయి: భూమి అక్షం నుంచి దూరం, భూమధ్యరేఖా తలం నుంచి దూరం. రెంటికీ కొలమానం భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్ధం, 6378.137 కిలోమీటర్లు.

గ్రీనిచ్ అబ్జర్వేటరీనే తీసుకోండి, ఆ జాబితాలో దాని కోడ్ 000. దాని రెండు అంకెలు 0.62411, 0.77873. దాని అక్షాంశం 51.477 డిగ్రీలకు నేరుగా కోసైన్, సైన్ వేస్తే 0.62283, 0.78236 వస్తాయి. రెండో అంకెలో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అది 23 కిలోమీటర్లు. ఆ 15 లక్షల కిలోమీటర్ల రాయి స్థానంలో మూడు ఆర్క్‌సెకండ్ల దాకా పొరపాటు. ఒక ఆర్క్‌సెకండ్‌లోపు కొలవడానికి రాత్రంతా కష్టపడేవాళ్లకు ఇది ఉత్త పుణ్యానికి నష్టం.

ఎత్తు సంగతి. ఐదో దశాంశ స్థానంలో ఒక్క అంకె అంటే 64 మీటర్లు. రెండు వేల మీటర్ల కొండను ఎలా వదిలేస్తాం? పైగా ఈ ఎత్తును సముద్రమట్టం నుంచి కాదు, భూమి ఆకారానికి గణితంగా ఒప్పుకున్న దీర్ఘవృత్తాభం నుంచి కొలవాలి. శ్రీలంకకు దక్షిణాన సముద్రమట్టమే దానికి వంద మీటర్లకు పైగా కింద ఉంటుంది.

మెసేజ్ ఊసెత్తనిది రేఖాంశం. జాబితాలో అది తూర్పు దిక్కుగా 0 నుంచి 360 వరకు నడుస్తుంది. పడమర 70 డిగ్రీలైతే 290 అని రాయాలి. మరిచిపోయి 70 అనే రాస్తే చిలీలో ఉన్న టెలిస్కోపు హిందూ మహాసముద్రంలో తేలుతుంది.