ఇంట్లో రికార్డింగుకు కండెన్సర్ మైకే కొనాలా? ఆ సలహాకు జవాబు

పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకునే తెలుగువాళ్లు, ఇంట్లోనే కథలు చదివి రికార్డు చేసుకుందామనుకునేవాళ్లు ఏ మైకు కొనాలని అడిగితే, వాట్సాప్ గ్రూపుల్లోనూ వీడియోల్లోనూ కొంచెం అటూఇటూగా ఒకటే సమాధానం వినిపిస్తోంది. దాని సారాంశం ఇది: "స్టూడియోల్లో వాడేది కండెన్సర్ మైకు కాబట్టి ఇంట్లోనూ అదే కొనాలి. డైనమిక్ మైకు సభలకూ స్టేజీకీ తప్ప పనికిరాదు. రెండు వేల లోపే స్టాండుతో సహా కండెన్సర్ కిట్టు దొరుకుతుంది. పెట్టె మీద 192 కిలోహెర్ట్జ్ అని ఉన్నది తీసుకోండి. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే బయటి చప్పుడు రాదు. ఇంకేమైనా మిగిలితే సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది. యూఎస్‌బీ మైకు జోలికి మాత్రం పోవద్దు." (కండెన్సర్, డైనమిక్ అన్నవి శబ్దాన్ని విద్యుత్తుగా మార్చే పద్ధతిని బట్టి మైకుల్లో రెండు రకాలు.) ఇలా చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఈ మాటలు నమ్మి, ఉన్న కొద్ది డబ్బూ పెట్టకూడని చోట పెట్టి, చివరికి తమ గొంతే బాగాలేదనుకుని మానేసినవాళ్లను చూశాను. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పడం అవసరమనిపించింది.

మొదటి మాటలో సగం నిజం ఉంది. స్టూడియోలో గాయకుల ముందు ఎక్కువగా కనిపించేది కండెన్సర్ మైకే. అయితే ఆ మైకు చుట్టూ ఉన్న గది సంగతి ఈ సలహాలో లేదు. స్టూడియో గదిని శబ్దం గోడలకు కొట్టుకుని తిరిగి రాకుండా ప్రత్యేకంగా కడతారు. మన ఇళ్లలో గది అంటే నాలుగు సిమెంటు గోడలు, పైన కాంక్రీటు శ్లాబు, కింద నున్నటి టైల్సు. ఖాళీ గదిలో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చేతులు ఆగిపోయిన తరువాత కూడా ఒక పలుచటి గణగణ కాసేపు వినిపిస్తుంది. మీ ప్రతి మాట వెనకా రికార్డింగులో చేరేది అదే.

డైనమిక్ మైకు స్టేజీకి తప్ప పనికిరాదన్న మాట మాత్రం పూర్తిగా తప్పు. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 స్టేజీ మైకుగా పేరు పొందిన మాట నిజమే. కానీ 1968లో వచ్చిన ఎలక్ట్రో-వాయిస్ ఆర్ఈ20, 1973లో వచ్చిన షూర్ ఎస్‌ఎం7 కూడా డైనమిక్ మైకులే, అవి దశాబ్దాలుగా రేడియో స్టూడియోల్లో మాట్లాడేవాళ్ల ముందే ఉన్నాయి. ఈ రోజు ప్రసిద్ధ పాడ్‌కాస్ట్ వీడియోల్లో కనిపించే నల్లటి లావుపాటి మైకు చాలాసార్లు ఆ ఎస్‌ఎం7కు 2001లో వచ్చిన రూపమైన ఎస్‌ఎం7బీయే. ఒకే మనిషి, ఒకే గొంతు, మైకుకు దగ్గరగా మాట్లాడటం అనే పనికి డైనమిక్ మైకు ఎప్పటినుంచో ఉన్న మంచి సాధనం.

ఇక్కడ డైనమిక్ వైపు మాట్లాడేవాళ్లు చేసే పొరపాటును కూడా చెప్పాలి. కండెన్సర్ గదిలోని చప్పుళ్లన్నీ లాగేస్తుందనీ, డైనమిక్ వాటిని ఆపేస్తుందనీ కొందరంటారు. ఏ మైకుకూ గొంతుకూ ఫ్యానుకూ తేడా తెలియదు. డైనమిక్ మైకులో పలుచటి పొరకు అంటించిన తీగచుట్ట అయస్కాంతం నడుమ కదలడం వల్ల విద్యుత్తు పుడుతుంది. కండెన్సర్‌లో తేలికైన పొరకూ దాని వెనక ఉన్న పలకకూ మధ్య దూరం మారడం వల్ల పుడుతుంది. ఈ రెండో పద్ధతిలో వచ్చే సిగ్నల్ బలమైనది, అంతే. అంకెల్లో చెప్పాలంటే, ఒకే స్థాయి శబ్దానికి ఎస్‌ఎం58 సుమారు 1.85 మిల్లీవోల్టులు ఇస్తే, చవకైన కండెన్సర్లలో మంచి పేరున్న ఆడియో-టెక్నికా ఏటీ2020 సుమారు 14 మిల్లీవోల్టులు ఇస్తుంది. అది గొంతుకూ ఏడు రెట్లే, ఫ్యానుకూ ఏడు రెట్లే. డైనమిక్ మైకు గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెద్దది చేస్తున్నామన్నది) పెంచి రెండిటినీ సమానం చేస్తే, గొంతుకూ గది చప్పుడుకూ మధ్య నిష్పత్తిని నిర్ణయించేవి మైకు ఏ దిక్కునుంచి ఎంత వింటుందన్నదీ, నోటికి అది ఎంత దూరంలో ఉందన్నదీ మాత్రమే.

దూరం గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పైసా ఖర్చు లేకుండా మార్చుకోగలిగినది అదే. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ మైకుకు నేరుగా చేరే గొంతు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. బెత్తెడు దూరంలో, అంటే సుమారు నాలుగు అంగుళాల దగ్గర మాట్లాడేవాళ్లు మూరెడు దూరానికి జరిగితే తగ్గుదల సుమారు 13 డెసిబెళ్లు. గోడలనుంచి తిరిగి వచ్చే మోత మాత్రం గదిలో ఎక్కడైనా దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి మూరెడు దూరంలో పెట్టిన ఖరీదైన కండెన్సర్ కన్నా, బెత్తెడు దూరంలో పెట్టిన మామూలు డైనమిక్ మైకులో మాట ఎంతో స్పష్టంగా వినిపిస్తుంది. కొత్తవాళ్లకు డైనమిక్ మైకు కొనమని నేను చెప్పడానికి అసలు కారణం ఇదే. దానికి సిగ్నల్ తక్కువ కాబట్టి దగ్గరికి రాక తప్పదు. దగ్గరగా మాట్లాడటానికే తయారైనది కాబట్టి ఊపిరి తాకిడిని కూడా చాలావరకు తట్టుకుంటుంది. అయినా మైకును నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు పెట్టి, చూపు మాత్రం ముందుకే ఉంచి మాట్లాడితే మేలు. "పప్పు", "భోజనం", "ఫలితం" అని మూడు మాటలు ముందు ఎదురుగా, తరువాత పక్కనుంచి రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో వినండి. మొదటిదానిలో ప, భ, ఫల దగ్గర వచ్చే ధబ్‌మనే చప్పుడు రెండోదానిలో దాదాపు ఉండదు.

కండెన్సర్ 20 నుంచి 20,000 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలన్న లెక్క) వరకు పట్టుకుంటుందని, ఎస్‌ఎం58 వంటివి 50 నుంచి 15,000 వరకే అని కూడా చెబుతారు. మగవాళ్ల గొంతు మూలస్వరం కూడా మామూలుగా 80 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. 50కి కింద మన ఇంట్లో ఉండేది ఫ్యాను అదురు, వీధిలో పోయే లారీ గుర్రు. అది రికార్డు కాకపోతే నష్టమేమీ లేదు. వీణ వాయించి రికార్డు చేసేవాళ్ల సంగతి వేరు. ఆ నాదం మెల్లనిది, మీటులోని పై స్థాయి స్వరాలు సన్ననివి. ప్రశాంతమైన గది ఉంటే అక్కడ కండెన్సరే సరైనది. ఆ గదే మెత్తటి పరుపులు, పుస్తకాలతో నిండినదైతే పాటకూ కండెన్సరే తీసుకోవచ్చు.

ఇక రెండు వేల లోపు కిట్టు. బీఎం-800 అన్న పేరుతోనూ, దాన్ని పోలిన పేర్లతోనూ ఎన్నో కంపెనీల ముద్రలతో దొరికే ఈ మైకుల్లో చాలావాటిలో, పెద్ద జాలీ వెనక ఉండేది చిన్న ఎలక్ట్రెట్ క్యాప్సూల్, అంటే హెడ్‌సెట్లలో ఉండేలాంటి శబ్దం పట్టే చిన్న బిళ్ల, మాత్రమే. ఆకారం స్టూడియో మైకుది, లోపలి భాగం అది కాదు. అసలైన స్టూడియో కండెన్సర్ పని చేయడానికి మామూలుగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగ ద్వారానే అందే కరెంటు, కావాలి. కిట్టుతో వచ్చే తీగను కంప్యూటర్ మైకు రంధ్రంలో పెడితే అందేది కొద్ది వోల్టులే. ఆ కొద్దిపాటి కరెంటుతో, సౌండ్ కార్డు బుసతో సహా, పీలగా రికార్డవుతుంది. ఫోనుకు తగిలించినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. ప్లగ్గు మీద నల్లటి గీతలు లెక్కపెట్టండి. రెండు ఉంటే అది కంప్యూటరుకో కెమెరాకో చేసినది, మూడు ఉంటేనే ఫోనుకు పనికొస్తుంది. రెండు గీతల ప్లగ్గు ఫోనులో పెడితే ఫోను ఆ మైకును గుర్తించక తన సొంత మైకుతోనే రికార్డు చేస్తుంది, మనకు తెలియదు కూడా. మరో విషయం, ఈ ఆకారపు మైకుల్లో మాట్లాడవలసింది జాలీకి ఎదురుగా, అంటే మైకు కొసలోకి కాక దాని పక్కభాగంలోకి. కొసకు నోరు పెట్టి మాట్లాడితే గొంతు ఎక్కడో బావిలోనుంచి వచ్చినట్టుంటుంది. ఇంత తక్కువ డబ్బే ఉంటే కిట్టు కన్నా చొక్కాకు తగిలించుకునే బోయా బీవై-ఎం1 వంటి కాలర్ మైకు మేలు. అది అన్ని దిక్కులనుంచీ వింటుందన్న మాట నిజమే, కానీ నోటికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి ఫోను సొంత మైకు కన్నా ఎంతో ముందుంటుంది.

192 కిలోహెర్ట్జ్ గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఆ అంకె సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలిచారన్నది చెబుతుంది తప్ప, మైకు ఎంత బాగా వింటుందో చెప్పదు. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్‌కు పైన వినిపించదు, దాన్ని పూర్తిగా పట్టుకోవడానికి 44.1 లేదా 48 చాలు. వినేవాళ్లకు చివరికి చేరేది కుదించిన ఎంపీ3 వంటి ఫైలే. ఆ పెద్ద అంకె వల్ల ఫోనులో జాగా నిండటం తప్ప ఒరిగేది లేదు.

కోడిగుడ్ల అట్టల మాట మాత్రం కొంచెం ఆలోచించవలసినది. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపేవి బరువు, సందు లేకుండా మూసుకోవడం. అంటే గోడ మందం, తలుపు కింద ఖాళీ, కిటికీ రెక్కలు. అట్టలకు బరువు లేదు కాబట్టి కూరగాయల బండి మైకును అవి ఆపలేవు. గోడకు అంటించే అంగుళం మందం ఫోమ్ అయినా పై స్థాయి ధ్వనులనే పీల్చి, కింది గుమ్ము అలాగే వదిలేస్తుంది, దానితో గొంతు డబ్బాలో మాట్లాడినట్టు తయారవుతుంది. గదిలోపలి ప్రతిధ్వని తగ్గడానికి కావలసినవి మందమైన, మెత్తటి వస్తువులు, అవి ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. మంచం ఉన్న గదిలో, బట్టల బీరువా తలుపులు తెరిచి దానికి వీపు పెట్టి కూర్చుని, ఎదురుగా ఒక దండెం మీద రెండు బొంతలు వేలాడదీసి, కిటికీ మూసి, రికార్డు చేసినంతసేపూ ఫ్యాను ఆపి చూడండి. మాట్లాడే మనిషి వెనక మెత్తదనం ఉండాలనడానికి కారణం ఉంది: కార్డియాయిడ్ మైకు, అంటే ముఖ్యంగా ముందువైపు వినేలా చేసిన రకం, తన వెనకనుంచి వచ్చేది అంతగా వినదు, ముందునుంచి, అంటే మీ వీపు వెనక గోడనుంచి వచ్చేదే ఎక్కువ వింటుంది.

మిగిలింది సాఫ్ట్‌వేర్ తీసేస్తుందన్న ధీమా తెలుగుకు మరీ నష్టం చేస్తుంది. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ ఒకేలా సాగే చప్పుడును, అంటే ఫ్యాను హోరు వంటిదాన్ని, నమూనాగా తీసుకుని తగ్గిస్తుంది. కుక్కర్ కూతకు, పక్కింటి టీవీకి అది పనికిరాదు. గది ప్రతిధ్వని గొంతుతోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి దాన్నీ విడదీయలేదు. పైగా స, శ, ష, హలు, మహాప్రాణాల్లోని ఊపిరి స్వభావరీత్యా హోరులాంటివే. నాయిస్ రిడక్షన్ గట్టిగా పెడితే ముందు అరిగిపోయేవి అవే. అప్పుడు "కథ" "కత"కు దగ్గరవుతుంది, "శాఖ" "శాక"లా వినిపిస్తుంది. పద్యం చదివేవాళ్లకు, పురాణం చెప్పేవాళ్లకు ఇది చిన్న నష్టం కాదు.

యూఎస్‌బీ మైకు గురించి చివరిగా. అందులో మైకుతోపాటు ప్రీయాంప్ (సిగ్నల్‌ను పెద్దది చేసే భాగం), శబ్దాన్ని అంకెలుగా మార్చే భాగం ఒకే ఒంట్లో ఉంటాయి; నాణ్యత వాటిని బట్టి ఉంటుంది తప్ప తీగను బట్టి కాదు. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు (మూడు పిన్నుల స్టూడియో తీగతో కలిపేది) కొంటే ఇంటర్‌ఫేసు (మైకు సిగ్నల్‌ను పెంచి కంప్యూటరుకు అందించే పెట్టె), తీగ విడిగా కొనాలి, ఆ ఖర్చు సలహాలో ఎవరూ కలపరు. వీడియోల్లో చూసి ఎస్‌ఎం7బీ కొనేవాళ్లకు ఇంకో ఖర్చు కూడా తగులుతుంది: దానికి కనీసం 60 డెసిబెళ్ల గెయిన్ కావాలని షూర్ కంపెనీయే చెబుతుంది, ఆరంభస్థాయి ఇంటర్‌ఫేసులు అన్నిటికీ అంత శక్తి ఉండదు. ఒంటరిగా మాట్లాడేవాళ్లకు నేను చెప్పేది శామ్సన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ వంటి డైనమిక్ మైకులు. వాటికి యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉంటాయి, మన గొంతు మనం అప్పటికప్పుడే వినడానికి హెడ్‌ఫోన్ రంధ్రం కూడా ఉంటుంది. యూఎస్‌బీ నిజంగా ఇబ్బంది పెట్టేది ఒకే గదిలో ఇద్దరు కూర్చుని మాట్లాడేటప్పుడు. రెండు యూఎస్‌బీ మైకులను ఒకే కంప్యూటరుకు తగిలిస్తే రెండిటి గడియారాలు వేరు కాబట్టి, గంట సంభాషణ చివరికి వచ్చేసరికి ఒకరి మాట ఇంకొకరి మాటతో కలవకుండా జరిగిపోవచ్చు. ఆ పరిస్థితి వచ్చినప్పుడు రెండు ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేసు ఒకటి కొని, ఇంతకుముందు యూఎస్‌బీతో వాడిన మైకునే ఎక్స్‌ఎల్‌ఆర్ తీగతో దానికి కలిపి, రెండో మనిషికి అలాంటిదే మరొకటి తీసుకుంటే సరిపోతుంది.