స్క్రిప్టు ఒక్కటే చాలదు
రాజకీయంగా మారుతున్న సమాజంలో నాటకాన్ని అర్థం చేసుకోవాలంటే రచనను శ్రద్ధగా చదివితే చాలని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోలేను. 1989 నవంబరు 17న, అప్పటికి కమ్యూనిస్టు పాలనలో ఉన్న చెకోస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లో విద్యార్థుల ఊరేగింపును పోలీసులు కొట్టి చెదరగొట్టారు. మర్నాడే నటులు సమ్మెకు దిగారు. ప్రేక్షకులు వచ్చారు, నాటకం మాత్రం ఆడలేదు. వేదిక మీద నుంచి ప్రకటన చదివి, హాళ్లను చర్చలకు వదిలేశారు. 19వ తేదీన పౌర వేదిక అనే ఉద్యమ సంస్థ పుట్టింది కూడా ఒక నాటకశాలలోనే. దాన్ని ముందుండి నడిపించిన నాటకకర్త వాత్స్‌లావ్ హావెల్ డిసెంబరు 29న దేశాధ్యక్షుడయ్యారు. ఆ రోజుల రంగస్థల చరిత్ర ఏ స్క్రిప్టులో దొరుకుతుంది? సమ్మె ప్రకటనలు, గోడ పోస్టర్లు, అప్పుడు హాల్లో కూర్చున్నవాళ్ల జ్ఞాపకాలు, ఇవన్నీ పాఠ్యాంశాలు కావాలి. సెన్సార్ ఫైళ్లు కూడా. బ్రిటన్‌లో 1968 దాకా కొత్త నాటకాలను ప్రదర్శనకు ముందే అధికారికి పంపాల్సి వచ్చేది. ఏ మాట కొట్టేశారో చూస్తే అప్పటి పాలకుల భయం ఏమిటో తెలుస్తుంది. నేను చదువుకునే రోజుల్లో మేం ఒకే నాటకాన్ని ఎన్నికల ముందూ తర్వాతా ఆడాం. మొదటిసారి చప్పట్లు కొట్టించిన డైలాగ్‌కి రెండోసారి హాలంతా నిశ్శబ్దం. రచనలో మేం ఒక్క అక్షరం మార్చలేదు.