నార్ఫోక్ పల్లె చరిత్ర: ముందు కాగితమా, పొలమా?

తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీలో ఒక పల్లె చరిత్ర తెలుసుకోవాలంటే మొదట ఎక్కడికి వెళ్లాలి? దీనిమీదే ఈ వాదం.

కాగితం పక్షం: నారిచ్‌లోని రికార్డ్ ఆఫీసుకేనండీ. చర్చికి ధాన్యంగా కట్టే దశమభాగాన్ని డబ్బులోకి మార్చిన 1836 చట్టం వల్ల చాలా పారిష్‌లకు, అంటే ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్లకు, టైత్ (దశమభాగం) మ్యాపులు మిగిలాయి. మ్యాపులో కమతం నంబరు పట్టుకుని జత పట్టిక తిరగేస్తే యజమాని, సాగు చేసేవాడు, పొలం పేరు, విస్తీర్ణం దొరుకుతాయి. విస్తీర్ణం ఎకరా, రూడ్, పెర్చ్‌లలో ఉంటుంది: 40 పెర్చ్‌లు ఒక రూడ్, 4 రూడ్‌లు ఒక ఎకరా. దశాంశాలనుకుని చదివితే లెక్కంతా తప్పుతుంది.

పొలం పక్షం: ఆ మ్యాపు గీసేనాటికే పాడుబడ్డ ఊళ్ల మాటేమిటి? టిటిల్‌షాల్ అనే ఊరి పక్కన పాడుబడ్డ గాడ్‌విక్ చూడండి. పచ్చికలో వీధి పల్లపు బాటలా, ఇళ్ల స్థలాలు గట్లలా ఇప్పటికీ తెలుస్తాయి. చలికాలం సాయంత్రం ఏటవాలు ఎండలో వెళ్లాలి. మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు, వట్టి బీడులా కనిపిస్తుంది.

కాగితం పక్షం: అక్కడి శిథిల చర్చి గోపురం చూసి అంతా మధ్యయుగానిదే అనేస్తారు. పైభాగం పాత సామగ్రితోనే 17వ శతాబ్దంలో మళ్లీ కట్టింది. ఊరు ప్లేగుతోనే పోయిందని కూడా తేల్చేస్తారు. 1428 పన్నులో పది ఇళ్లకు తక్కువున్న పారిష్‌లను మినహాయించారు. ఆ జాబితాను ప్లేగుకు ముందరి 1334 పన్ను లెక్కల పక్కన పెట్టండి. ఏ ఊరు నెమ్మదిగా చిక్కిపోయిందో బయటపడుతుంది.

పొలం పక్షం: కాగితం మాత్రం తప్పుదారి పట్టించదా? 1720 జూన్‌లో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్తిస్మం అని చర్చి రిజిస్టర్‌లో ఉంటే, పెళ్లికి ముందే పుట్టిందనుకుంటారు. 1752కు ముందు అక్కడ ఏడాది మార్చి 25న మొదలయ్యేది. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721.

కాగితం పక్షం: నిజమే. కానీ 30 గజాల పొదకంచెలో ఎన్ని జాతుల చెట్లుంటే అన్ని శతాబ్దాల వయసన్న హూపర్ సూత్రంకన్నా రిజిస్టరే నయం.

పొలం పక్షం: ఆ సూత్రాన్ని నేనూ నమ్మను, మొదట్లోనే నాలుగైదు జాతులు కలిపి నాటిన కంచెలున్నాయి. నేను నమ్మేది కుండపెంకుల్ని. దున్నాక వానలకు మట్టి కడుక్కుపోయిన పొలంలో 20 మీటర్ల ఎడంతో వరసలు పట్టి నడవాలి. ప్రతి 20 మీటర్లకూ వేరే సంచి, దానిమీద నంబరు. అంచులరిగిన చిన్న పెంకులు పొలమంతా పలచగా ఉంటే అవి పెంటతో పాటు తోలినవి. ఒకేచోట గుంపుగా, పదునైన అంచులతో దొరికితే ఇల్లు అక్కడే ఉండేదని అనుమానించాలి. సంచులు కలిపేస్తే ఈ తేడా ఇక తెలియదు, శ్రమంతా వృథా.

కాగితం పక్షం: రైతు అనుమతి మరిచారు. పబ్లిక్ ఫుట్‌పాత్ మీద హక్కు నడవడానికే. దారి దిగి పెంకులు ఏరాలంటే ఆయన ఒప్పుకోవాలి. రక్షిత స్థలంలో లైసెన్సు లేకుండా మెటల్ డిటెక్టర్ వాడితే నేరం. దొరికింది నిధి కావచ్చనిపిస్తే 14 రోజుల్లో కరోనర్‌కు, అంటే అలాంటివి విచారించే అధికారికి, చెప్పాలి.

పొలం పక్షం: అవన్నీ ఒప్పుకుంటాను. అయితే ఏ పొలం దున్నుతారో, ఎప్పుడు దున్నుతారో చెప్పేదీ ఆ రైతే కదండీ. విత్తనం మొలిచాక ఆ పొలంలో అడుగు పెట్టనివ్వరు. మీ మ్యాపు ఏ నెలలోనైనా చూసుకోవచ్చు. అందుకే నేను ముందు ఆయన గుమ్మం తొక్కుతాను.