పైవాళ్లు చెబితే వార్త, గుమాస్తా చూపిస్తే నేరమా?

ముంపు సర్వే జాబితాని రైతులకు చూపించాడని మహారాష్ట్రలోని మన సరిహద్దు తాలూకాలో ఒక కచేరీలో గుమాస్తాకి నోటీసు ఇచ్చారు. 'గోపనీయ' కాగితం బయటపెట్టాడట, అవసరమైతే అధికార రహస్యాల చట్టం కింద కూడా చర్య తీసుకుంటారట. ఆ జాబితా జిరాక్సు మేమూ చూశాం. సర్వే నంబరు, రైతు పేరు, ఎంత విస్తీర్ణం, చివరి గడిలో మరాఠీలో 'పాత్ర' లేదా 'అపాత్ర', అంటే అర్హుడు లేదా అనర్హుడు. అంతే. అందులో సైన్యం సంగతి లేదు, పోలీసుల సంగతి లేదు. ఒక పెద్దాయన తన మనవడి చేత చదివించుకుని, తన పేరు పక్కన అపాత్ర అని ఉందని తెలిసి, తన భూమి కాగితం సాత్‌బారా ఉతారా పట్టుకుని, గ్రామ రెవెన్యూ అధికారి తలాఠీ దగ్గరికి పరిగెత్తాడు. ప్రభుత్వానికి కోపం తెప్పించిన రహస్యం ఇదీ.

రహస్యాలే ఉండకూడదని ఎవరూ అనడం లేదు. గడ్చిరోలి జిల్లాలో బతికేవాళ్లకి ఆ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు, పోలీసు ఇన్ఫార్మర్ అన్న అనుమానం మీదే ఇక్కడ ఎన్ని ప్రాణాలు పోయాయో మనకు తెలుసు. 2010లో వికీలీక్స్ అనే వెబ్‌సైటు అమెరికా సైన్యం అఫ్గానిస్తాన్ పత్రాలు బయటపెట్టినప్పుడు అమెరికన్లకు సమాచారం ఇచ్చిన స్థానికుల పేర్లు కూడా వాటితో వచ్చేశాయి, అది తప్పే. మనిషి ప్రాణం మీదికి వచ్చే పేరు దాచాల్సిందే.

కానీ ఇక్కడ గొడవ అది కాదు. ఒకే పనిని పైవాడు చేస్తే ఒక పేరు, కిందివాడు చేస్తే ఇంకో పేరు పెడుతున్నారు. దర్యాప్తులో ఉన్న మనిషి ఫోన్‌లోని చాటింగులు చార్జిషీటు కోర్టుకి చేరకముందే టీవీల్లో నడుస్తాయి. క్యాబినెట్ సమావేశం ముగియకముందే లోపలి నిర్ణయాలు ఫోన్లలో స్క్రోల్ అవుతాయి. ప్రత్యర్థిని ఇరికించే ఫైలు అయితే పేజీ నంబర్లతో సహా బయటికి వస్తుంది. వీటిలో ఏ ఒక్కదానికైనా ఏ పెద్ద అధికారికైనా రహస్యాల చట్టం కింద నోటీసు వెళ్లిందా? వాటన్నిటికీ 'విశ్వసనీయ వర్గాలు' అని గౌరవంగా పేరు. రైతుకి రైతు పొలం సంగతి చెప్పిన గుమాస్తా మాత్రం దోషి.

గోదావరి గట్టున ఉన్న మనకి ఈ దాపరికం ఖరీదు బాగా తెలుసు. 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్ర ముఖ్యమంత్రులు ముంబైలో సంతకాలు చేసి, గోదావరి మీద కాళేశ్వరం ప్రాజెక్టు కోసం కట్టే మేడిగడ్డ బ్యారేజీ దగ్గర నీటిమట్టం సముద్రమట్టానికి 100 మీటర్లు అని ఖాయం చేసుకున్నారు. ఆ మట్టానికి ఎవరి చేను మునుగుతుందో, ఎవరిది మిగులుతుందో సిరొంచ తాలూకా రైతుకి కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. 2019 జూన్‌లో బ్యారేజీ ప్రారంభమైంది. అదే ఏడాది వరదలకే కింది వైపు కాంక్రీటు దిమ్మెలు కొట్టుకుపోయాయి. ఆ సంగతి ఇంజినీర్ల ఉత్తరాల్లో ఉంది, ఫైళ్లలో ఉంది, జనానికి మాత్రం 2023 అక్టోబర్ 21 రాత్రి ఏడో బ్లాకులో పియర్లు (స్తంభాలు) కుంగాకే తెలిసింది. నాలుగేళ్లు! మధ్యలో 2022 జూలై వరద కూడా ఆ బ్యారేజీ మీదుగానే పోయింది. ఎదురుగా మన గట్టున పోచంపల్లి ఉంది, ఆ ఊరివాళ్లకైనా ఎవరైనా ఒక్క ముక్క చెప్పారా? చివరికి కేంద్రం పంపిన డ్యామ్ సేఫ్టీ నిపుణులే, తాము అడిగిన వివరాలన్నీ తెలంగాణ ప్రభుత్వం ఇవ్వలేదని తమ నివేదికలో రాయాల్సి వచ్చింది.

2019లోనే ఆ ఉత్తరాల్లో ఒకదాన్ని ఎవరో చిన్న ఉద్యోగి బయటపెట్టి ఉంటే ఏమయ్యేది? అతనికీ ఇలాంటి నోటీసే వచ్చేది. ఇలా కాగితాలు బయటపెట్టడం ప్రజాస్వామ్యానికి చేటు అని అప్పుడూ ఎవరో ఒకరు ఉపన్యాసం ఇచ్చేవాళ్లు. మా మాట మాత్రం ఒక్కటే, ఆ ఉత్తరం దాచినవాళ్ల వల్ల జరిగిన నష్టంలో వందో వంతు కూడా దాన్ని బయటపెట్టడం వల్ల జరిగేది కాదు.

ఇక చట్టం సంగతి. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, తెల్లవాడు తన పాలన కాపాడుకోవడానికి రాసుకున్నది. అందులో ఐదో సెక్షన్ ఇచ్చినవాణ్నే కాదు, తీసుకున్నవాణ్నీ నేరస్తుణ్ని చేస్తుంది, అంటే ఆ జిరాక్సు చదివించుకున్న పెద్దాయన కూడా దొంగే అన్నమాట. 2006లో రెండో పరిపాలనా సంస్కరణల సంఘం దీన్ని రద్దు చేయమని సిఫారసు చేసింది. ఏ పార్టీ ప్రభుత్వమూ ఆ పని చేయలేదు. 2002లో ఇఫ్తికార్ గిలానీ అనే జర్నలిస్టుని ఇదే చట్టం కింద ఏడు నెలలు జైల్లో పెట్టారు. ఆయన దగ్గర దొరికిన పత్రం అప్పటికే అచ్చై అందరికీ అందుబాటులో ఉన్నదని తేలి చివరికి కేసు వెనక్కి తీసుకున్నారు. రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కాగితాలు పత్రికలో వచ్చినప్పుడు 2019 మార్చిలో కేంద్రం సుప్రీంకోర్టులో, అవి దొంగిలించిన పత్రాలు, చూడొద్దు అంది. ఏప్రిల్ 10న కోర్టు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చింది.

2005 సమాచార హక్కు చట్టం ఇంకా స్పష్టంగా చెబుతోంది. ఎనిమిదో సెక్షన్ రెండో ఉపవిభాగంలో, రహస్యాల చట్టం ఉన్నా సరే, ప్రజలకు కలిగే మేలు నష్టం కన్నా ఎక్కువైతే సమాచారం ఇవ్వొచ్చని రాసి ఉంది. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా నివేదికను స్థానిక భాషలో పంచాయతీకి అందుబాటులో పెట్టమంది. కేంద్రం కన్నా ముందే సొంత సమాచార చట్టం చేసుకున్న రాష్ట్రం మహారాష్ట్ర. అలాంటి రాష్ట్రంలో ముంపు జాబితా మీద గోపనీయ ముద్ర కొట్టిన ఆ అధికారి ఈ చట్టాల్లో ఏది చదివి కొట్టాడో మాకు అర్థం కావడం లేదు.

రహస్యం కాపాడటం మీద ప్రభుత్వాలకు అంత పట్టుదలే ఉంటే సత్యేంద్ర దూబే పేరుని కాపాడాల్సింది. జాతీయ రహదారుల పనుల్లో అవినీతి గురించి ఆ ఇంజినీరు ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాసి, తన పేరు బయటపెట్టొద్దని వేడుకున్నాడు. ఆ ఉత్తరం పేరుతో సహా బల్లలు మారింది. 2003 నవంబర్‌లో గయలో అతన్ని కాల్చి చంపారు. ఆ పేరు ఎవరి చేతుల మీదుగా బయటికి పోయిందో, ఆ పెద్దల్లో ఒక్కరి మీదైనా రహస్యాల చట్టం కింద కేసు పెట్టారా? ఆ చావు తరవాత పదేళ్లకు పైగా నాన్చి 2014లో ప్రజావేగుల, అంటే అవినీతిని బయటపెట్టేవాళ్ల, రక్షణ చట్టం చేశారు, దాన్ని ఈనాటికీ అమల్లోకి తేలేదు. దాచాల్సిన పేరుని గాలికొదిలేసి, చెప్పాల్సిన జాబితాని తాళం వేసి దాస్తున్నారు.

ఈ నోటీసు ఇలాగే నిలబడితే రేపు రేషన్ జాబితా గోపనీయం అవుతుంది, ఎల్లుండి అటవీ హక్కుల పట్టాల తిరస్కరణ జాబితా గోపనీయం అవుతుంది. మరాఠీ సరిగా చదవలేని తెలుగు రైతుకి, గోండు రైతుకి ఇప్పటికే సగం కాగితాలు గోపనీయమే. వాటిని చదివి చెప్పే ఒక్క మనిషి నోరు కూడా మూయించాక ఇంక ఎవరిని అడగాలి?

ముందు ఆ నోటీసు వెనక్కి తీసుకోండి. ముంపు జాబితా మొత్తాన్ని మరాఠీలోనూ తెలుగులోనూ ప్రతి గ్రామపంచాయతీ గోడ మీద అతికించండి, అపాత్ర అన్న ప్రతి పేరు పక్కనా కారణం రాయండి, గ్రామసభ పెట్టి అభ్యంతరాలు తీసుకోండి. జిరాక్సు ఎవరు ఇచ్చారని గుమాస్తాని రోజంతా నిలబెట్టి అడిగే తీరిక ఉన్న అధికారులకు ఈ పని చేయడానికి ఒక పూట చాలు.